దుప్పటి కింద

ఈరోజు పొద్దున కొత్తగా చేరిన నర్సులకు పాఠం చెప్పాను. కాన్పు గది పక్కనున్న ఖాళీ గదిలో మంచం మీద దుప్పటి పరిచి, ఎర్రరంగు కలిపిన నీళ్లు పోశాను. కొంత దుప్పటికి ఇంకింది, కొంత అంచు వెంట నేల మీదికి కారింది. ఎంత ఉంటుందో చెప్పమన్నాను. ఒకమ్మాయి మూడు వందల మిల్లీలీటర్లంది, ఇంకొకమ్మాయి నాలుగు వందలంది. అందరికంటే ఎక్కువ చెప్పిన అమ్మాయి అయిదు వందల దగ్గర ఆగింది. నేను పోసింది లీటరు.

ఏటా ఇదే జరుగుతుంది. వాళ్లను తప్పు పట్టలేను. పంతొమ్మిదేళ్ల కిందట నా కళ్లూ ఇలాగే మోసపోయాయి. అప్పుడు నేను వేరే ఆసుపత్రిలో ఉండేదాన్ని. అక్కడికి వచ్చిన ఒకామెకు అది రెండో కాన్పు, తేలిగ్గానే అయింది. మాయ కూడా పడింది. "సిస్టర్, చలిగా ఉంది" అంటే ఇంకో దుప్పటి తెచ్చి కప్పాను. ఆ దుప్పటి కిందే రక్తం పోతూ ఉంది. చూసేసరికి నాడి అందడం లేదు. ఆసుపత్రిలో రక్తం నిల్వ లేదు. బయటినుంచి వచ్చేసరికి దాని అవసరం తీరిపోయింది. కాన్పంటే ఆడదానికి పునర్జన్మ అని ఎవరో అన్నారు, ఓదార్పుగానే. ఆ మాట ఇప్పటికీ వినలేను. కాన్పులో చావు ఉండక తప్పదని ముందే ఒప్పేసుకున్నట్టు ఉంటుంది.

నెలలు నిండాక గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వెళుతుంది. బిడ్డ బయటికి వచ్చాక అది గట్టిగా ముడుచుకోకపోతే ఆరోగ్యవంతురాలైన మనిషి కూడా కొన్ని గంటల్లో పోతుంది. 2023లో ప్రపంచంలో దాదాపు 2,60,000 మంది గర్భిణులు, బాలింతలు చనిపోయారని అంచనా. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా పేద, దిగువ మధ్యాదాయ దేశాల వాళ్లే. నాలుగో వంతుకు పైగా మరణాలకు రక్తస్రావమే కారణం. నన్ను ఎక్కువగా బాధపెట్టేది, వీళ్లలో ఎందరో ఆసుపత్రికి చేరాక చనిపోవడం. ఇంట్లో కాన్పు వద్దు, ఆసుపత్రికి రండి అన్నాం. వచ్చారు. తీరా వస్తే రక్తం ఉండదు, రాత్రివేళ మత్తు ఇచ్చే డాక్టరు ఉండరు. గర్భసంచి ముడుచుకునేలా చేసే మందు ఆక్సిటోసిన్, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో ఉంచాల్సింది, కరెంటు లేని ఫ్రిజ్‌లో బలం కోల్పోయి ఉంటుంది. నమ్మి వచ్చిన మనిషికి మనం చూపించినది ఇదా?

ఈ కొత్త నర్సు పిల్లలకు నేను చెప్పగలిగింది కొలవమని. నడుము కింద పరిచే గీతల ప్లాస్టిక్ సంచి ఒకటుంది. పోయిన రక్తమంతా అందులోకే దిగుతుంది, గీత చూస్తే లెక్క తెలిసిపోతుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని ఆసుపత్రుల్లో దాన్ని వాడారు. ప్రమాదం కనబడగానే గర్భసంచిని మర్దన చేయడం, ఆక్సిటోసిన్, రక్తం గడ్డ కరగకుండా నిలిపే ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్, కారణం వెతికే పరీక్ష, అన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా మొదలుపెట్టారు. 2023లో ఫలితాలు వచ్చాయి. తీవ్ర రక్తస్రావం, దానివల్ల కడుపు కోసి ఆపరేషన్ చేయాల్సి రావడం, మరణం, ఈ మూడూ కలిపి చూస్తే అరవై శాతం తగ్గాయి. అందులో కొత్త మందు ఒక్కటీ లేదు. ఆ కాగితం చదివిన రోజు చాలాసేపు ఏడ్చాను.

మధ్యాహ్నం మందుల పెట్టె సరిచూశాను, ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాశాను. సాయంత్రం ఒక కాన్పు. ఆడపిల్ల. సంచిలో రక్తం మూడు వందల గీత దగ్గర ఆగింది. పొద్దున నాలుగు వందలన్న అమ్మాయి నా పక్కనే ఉంది. కాసేపటికి బాలింత చలిగా ఉందంది. దుప్పటి అందుకోబోయిన ఆ అమ్మాయి మధ్యలో ఆగి, ముందు వంగి గీత చూసింది, నాడి పట్టుకుంది, పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిగానే ఉందని నాకు చెప్పింది. ఆ తర్వాతే దుప్పటి కప్పింది.