అత్త వాటా 70 సెంట్లు

ఇస్లాంలో ఆడపిల్లకు మగపిల్లాడి వాటాలో సగమేనా అని టీవీలో చర్చ పెట్టినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మా పలమనేరు వైపు ఆ సగమన్నా ఎంతమంది ఆడవాళ్ల చేతికొచ్చిందో ముందు అడగండి.

మా దూదేకుల ఇళ్లల్లో నికా షరియత్ ప్రకారం, మయ్యత్ (అంత్యక్రియలు) షరియత్ ప్రకారం, పొలం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఊరి ఆచారం. పెళ్లికి బంగారం పెట్టాం గదా, ఇంక భూమిలో నీకేం పని అంటారు.

తాత పోయేనాటికి నాలుగెకరాలుంది. జేజికి ఎనిమిదో వంతు, అంటే 50 సెంట్లు. మిగతా 350లో కొడుకులకు రెండేసి భాగాలు, కూతురికి ఒకటి. ఆ లెక్కన నాయనకు, చిన్నాయనకు 140 చొప్పున, అత్తకు 70. జరిగిందేందంటే, అత్తకు చీర పెట్టి రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లి రిలీజ్ డీడ్ (వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే పత్రం) మీద వేలిముద్ర వేయించారు. 'ఎవరి బలవంతమూ లేకుండా, నా పూర్తి ఇష్టంతో' అన్న వాక్యాన్ని రైటర్ గబగబా చదివేశాడు. ఎందుకు వేశావత్తా అంటే, 'రేపు నా బిడ్డ పెళ్లికి మేనమామలు రావద్దా?' అంది. దీనికి ఏ సెక్షన్ కింద జవాబు చెప్పాలి?

అసలు 1937 షరియత్ చట్టం వచ్చిందే ఆచారం పేరుతో ఆడవాళ్ల వాటా ఎగ్గొట్టడం ఆపాలని. ముస్లిం మహిళా సంఘాలు కూడా అప్పట్లో గట్టిగా అడిగాయి. కానీ అందులో సాగుభూమిని పక్కన పెట్టేశారు, అంటే అసలు ఆస్తినే వదిలేశారన్నమాట. 1949లో మద్రాసు రాష్ట్రం సవరణ తెచ్చి ఆ మినహాయింపు తీసేసింది, అప్పుడు చిత్తూరు జిల్లా మద్రాసులోనే ఉంది కాబట్టి మనకూ వర్తించింది. పొలానికి షరియత్ వర్తించదని ఎవరైనా పెద్దరికంగా చెబితే ఈ సంగతి చెప్పండి.

ఇంకోటి, తండ్రి బతికుండగానే 'నాకేమీ వద్దు' అని కూతురితో రాయించుకుంటే చెల్లదు, ఎందుకంటే ఆయన పోయేదాకా ఆమెకు హక్కే పుట్టదు (దానికి బదులుగా డబ్బో ఆస్తో తీసుకుని ఉంటే మాత్రం కోర్టు ఆమె మాట వినకపోవచ్చు). వీలునామా రాసినా ఆస్తిలో మూడో వంతు వరకే, అదీ వారసుల్లో ఒకరికి రాస్తే మిగతావాళ్లు ఒప్పుకోవాలి. అందుకే తెలివైనవాళ్లు బతికుండగానే కొడుకులకు హిబా (దానం) చేసి పొలం అప్పగించేస్తారు. అది చెల్లుతుంది, ఏం చేస్తాం.

హిందువుల ఇళ్లల్లో ఏదో గొప్పగా ఉందని కాదు. ఎన్టీఆర్ తెచ్చిన సవరణతో 1985 నుంచే అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా వచ్చింది, మా ఊళ్లో రిలీజ్ డీడ్లు మాత్రం ఆగలేదు.

సగమా, సమానమా అన్నది తర్వాత తేల్చుకుందాం, నాకైతే సమానమే కావాలి. ముందు ఉన్న వాటా ఇవ్వండి. జుమా (శుక్రవారం నమాజు) రోజు పేష్ ఇమామ్ (నమాజు చేయించే పెద్ద) తల్లికెంత, కూతురికెంత అని సెంట్లలో లెక్క చెబితే కొంత పని జరుగుతుంది. కానీ ముందు వరసలో కూర్చునేది అన్నదమ్ములే, వినాల్సిన ఆడవాళ్లేమో ఇంట్లో వంట చేస్తుంటారు.