స్టీరియోలో ఇంజను కూత

ఆదివారం, విజయవాడ.

దసరాకు కారులో నాలుగు చానళ్ల యాంప్లిఫయరు పెట్టించిన నాటి నుంచి డోరు స్పీకర్లలో ఒక సన్నని కూత వినిపిస్తూ ఉంది. పాట జోరుగా సాగుతున్నప్పుడు అది తెలియదు గాని, వీణ మీద ఒక్క మీటు మోగి ఆగినచోట, పాటకూ పాటకూ మధ్య ఖాళీలో స్పష్టంగా బయటపడుతుంది. ఇంజను ఆపి స్టీరియో ఒక్కటే పెడితే ఉండదు. స్టార్టు చేయగానే మొదలై, యాక్సిలరేటరు నొక్కిన కొద్దీ దాని శ్రుతి పెరుగుతుంది. ఈ రోజు సెలవు కావడంతో దాని అంతు చూద్దామని ఉదయమే డిక్కీ తెరిచాను.

శ్రుతి ఇంజను వేగాన్ని అనుసరిస్తోందంటే మొదట అనుమానించవలసింది ఆల్టర్నేటరునే, అంటే ఇంజనుతో పాటు తిరుగుతూ బ్యాటరీని చార్జి చేసే యంత్రాన్నే. అది పుట్టించేది మూడు ఫేజుల ఏసీ. లోపలి ఆరు డయోడ్లు దానిని డీసీగా మారుస్తాయి గాని, ఆ డీసీ పూర్తిగా చదునుగా ఉండక, మీద చిన్న చిన్న అలలు మిగులుతాయి. పన్నెండు ధ్రువాల ఆల్టర్నేటరు ఒక్క చుట్టు తిరిగితే అలాంటి అలలు 36 వస్తాయి. ఇంజను 800 ఆర్‌పీఎం దగ్గర ఐడిల్‌లో ఉండగా ఆల్టర్నేటరు దానికి రెండున్నర రెట్ల వేగంతో తిరుగుతోందనుకుంటే సెకనుకు 1,200 అలలు. ఇంజను 2,000కు వెళ్తే 3,000. మనిషి చెవి అతి చురుగ్గా పట్టుకునేది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య ధ్వనులనే కాబట్టి, కొన్ని మిల్లీవోల్టుల మలినం కూడా ఇంత గొడవ చేయగలుగుతోంది. స్పార్కు ప్లగ్గుల వల్ల వచ్చే రొద వేరు. అది టిక్కుటిక్కుమంటుందే తప్ప ఇలా రాగం తీయదు.

బిగించిన షాపువారిని ఫోనులో అడిగితే, నాయిస్ ఫిల్టరు ఒకటి వేయించుకుంటే పోతుందన్నారు. స్టీరియో నుంచి యాంప్లిఫయరుకు పాట సిగ్నలును తీసుకెళ్లే ఆర్‌సీఏ వైర్ల మధ్య పెట్టే ఆ డబ్బాలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. అవి కూతను ఆపుతాయి, నిజమే. కాని చౌకరకానివైతే మృదంగం తొప్పి నాదంలో కొంత కూడా తమతో పట్టుకుపోతాయి. కారణం తెలియకముందే దానిని కొనడం నాకు ఇష్టం లేదు.

ముందుగా మల్టీమీటరు బ్యాటరీ మీద పెట్టాను. ఇంజను నడుస్తుండగా 14.2 వోల్టుల డీసీ ఉంది. హెడ్‌లైట్లు వేసి, మీటరును ఏసీకి మార్చి చూస్తే అతి స్వల్పం. అక్కడ అర వోల్టు దాకా చూపి ఉంటే డయోడు పోయిందని అనుమానించవలసి వచ్చేది. తరువాత స్టీరియో వాల్యూమును సున్నాకు తగ్గించాను. కూత రవ్వంతైనా తగ్గలేదు. అంటే ఆ మలినం స్టీరియోలోని వాల్యూము దాటిన తరువాతే ఎక్కడో చేరుతోంది. యాంప్లిఫయరు వెనుక ఆర్‌సీఏ పిన్నులు ఊడదీస్తే స్పీకర్లు పూర్తిగా నిశ్శబ్దమయ్యాయి కనుక యాంప్లిఫయరు లోపల దోషం లేదు. పిన్నులను చార్జరుకు పెట్టని ఫోనుకు కలిపితే పాట శుభ్రంగా వచ్చింది. ఇక మిగిలింది స్టీరియో ఎర్తుకూ యాంప్లిఫయరు ఎర్తుకూ మధ్య తేడా మాత్రమే. కారులో ఎర్తు అంటే బ్యాటరీ నెగటివుకు కలిసి ఉండే బాడీ రేకే.

పై వాటాలో ఉండే బాబాయి గారు ఆర్టీసీ డిపోలో ఎలక్ట్రీషియనుగా చేసి రిటైరయ్యారు. నేను ఎర్తు బోల్టు మీద స్పానరు పెట్టబోతుండగా మెట్ల మీద నుంచే, “ముందు బ్యాటరీ దగ్గర ఫ్యూజు తియ్యి బాబూ, ఆ తరవాతే ఎర్తు విప్పాలి” అన్నారు. కరెంటు ఉండగా యాంప్లిఫయరు ఎర్తు ఊడితే, ఆ కరెంటంతా సన్నని ఆర్‌సీఏ వైరు మీది లోహపు జాలీ గుండా స్టీరియోలోకి తిరిగి వెళ్లి, లోపలి చిన్న ఫ్యూజునో సర్క్యూటు గీతనో కాల్చేస్తుందట. కూతకు మూలం కూడా అదే దారి అని ఆయన చెప్పగా బోధపడింది. బైపాస్ మూసుకుపోతే లారీలు ఊరి వీధుల్లోకి వచ్చినట్టు, అసలు ఎర్తు సరిగా లేనప్పుడు కరెంటులో కొంత సిగ్నలు వైరు జాలీ వెంట నడుస్తుంది, తనతో పాటు ఆల్టర్నేటరు అలలనూ మోసుకొస్తుంది.

ఫ్యూజు తీయకముందు, పాట నడుస్తుండగా, బ్యాటరీ నెగటివుకూ యాంప్లిఫయరు ఎర్తుకూ మధ్య కొలిస్తే మీటరు 0.3 వోల్టు దగ్గర ఊగింది. 10 ఆంపియర్లు ప్రవహించే చోట 0.03 ఓము అడ్డు ఉంటే చాలు, అంత వోల్టేజి పడిపోవడానికి. విప్పి చూస్తే ఆ అడ్డు కంటికే కనిపించింది: షాపువారు లగ్గును, అంటే ఎర్తు వైరు చివరి లోహపు రింగును, రంగు గీకకుండానే రేకు మీద బిగించారు, అదీ కార్పెట్టు పట్టిన స్క్రూ కింద. ఎమెరీ కాగితంతో తెల్లని ఇనుము కనిపించేదాకా రుద్ది, గట్టి బోల్టుతో బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాశాను. ఫ్యూజు పెట్టి స్టార్టు చేశాక, యాక్సిలరేటరు ఎంత నొక్కినా, స్పీకరుకు చెవి ఆనించి వింటే తప్ప కూత వినిపించలేదు.

ఆర్‌సీఏ వైర్లూ పవరు వైరూ ఒకే పక్కన కార్పెట్టు కింద కలిసి నడుస్తున్నాయి. అందరూ మొదట తప్పుపట్టేది దీనినే. వేర్వేరు పక్కల వేయడం మంచి పద్ధతే. కాని ఎర్తు బాగుచేయగానే కూత పోయినందున, సీట్లన్నీ ఊడదీసే పని పెట్టుకోలేదు. యాంప్లిఫయరు మీద సిగ్నలును ఎంత పెంచాలో నిర్ణయించే గెయిన్ మాత్రం సగానికి తగ్గించాను. దానిని చివరిదాకా తిప్పి ఉంచితే పాటతో పాటు ప్రతి మలినమూ పెద్దదవుతుంది.

ఫోనును చార్జరుకు పెట్టి, ఆక్స్ వైరుతో పాట వింటే మాత్రం ఇంకా కొద్దిగా కూత ఉంది. అది చార్జరు ఎర్తుకూ స్టీరియో ఎర్తుకూ మధ్య ఏర్పడే మరో వలయం. చార్జరు పీకితే ఆగిపోతుంది, బ్లూటూత్‌తో వింటే అసలు రాదు. కాబట్టి దాని జోలికి పోలేదు. పవరు వైరు కంటే ఎర్తు వైరు సన్నగా ఉందని బాబాయి గారు గమనించారు. అంతే లావున్నది అర మీటరు రేపు ఆటోనగర్‌లో కొని మార్చాలి.