శ్రమల దినాల నోట్‌బుక్: శనివారం వేసుకున్న లెక్కలు

ఈస్టర్‌కు ముందు ఉపవాస ప్రార్థనలతో గడిపే శ్రమల దినాలు భస్మ బుధవారంతో మొదలవుతాయి. 2027లో అది ఫిబ్రవరి 10న, ఈస్టర్ మార్చి 28న. మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలూ కలిపితే 46 రోజులు, తీసేస్తే నలభై. సంఘంలో జర్నలింగ్ గుంపు, అంటే వాక్యం చదివి మనసులోది తమ నోట్‌బుక్‌లో రాసుకునే, బొమ్మ గీసుకునే గుంపు పెట్టాలంటే ముందు ఈ లెక్క తేలాలి, ఎందుకంటే పుస్తకం ఎంత లావుండాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

పన్నెండు ఏ4 కాగితాలు మధ్యకు మడిస్తే 48 పేజీలు. రోజుకొకటి చొప్పున 46, మొదట్లో పేరుకొకటి, చివర ఈస్టర్‌కొకటి. నాలుగేసి కాగితాలు ఒకదానిలో ఒకటి పెట్టి మడిస్తే మూడు కట్టలవుతాయి. ఇరవై మందికి 240 కాగితాలు, పాడయ్యేవాటితో కలిపి 260 అనుకోవాలి. మామూలు జిరాక్స్ కాగితం వద్దు. స్కెచ్ పెన్ అవతలి పేజీకి దిగిపోతుంది, తడి తగిలితే ముడతలు పడుతుంది. 120 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఉంటే పెన్నుకీ, రంగు పెన్సిళ్లకీ, పల్చటి వాటర్‌కలర్‌కీ ఆగుతుంది.

ఏ4గా కోసి అమ్మే కాగితంలో నార, అంటే పీచు పోగులు సాగే దిశ, సాధారణంగా పొడవు వైపు ఉంటుంది. దాన్ని మధ్యకు మడిస్తే మడత నారకు అడ్డం పడి, అంచు పగిలినట్టవుతుంది, పుస్తకం మూసినా విచ్చుకుంటూనే ఉంటుంది. పొడవు వైపు నార ఉన్న ఏ3 కొని సగానికి కోయిస్తే ఆ బెడద ఉండదు. కాగితాన్ని రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే ఏ వైపు తేలిగ్గా వంగుతుందో చేతికే తెలుస్తుంది, మడత ఆ వైపే పడాలి. మడతను స్టీలు గరిటె వీపుతో గట్టిగా రుద్దాలి.

అట్టకు 300 జీఎస్ఎం కార్డు. వెన్ను దగ్గర 12 మిల్లీమీటర్లు వదలాలి. కాగితాలకు నాలుగైదు మిల్లీమీటర్లు చాలు కానీ, బొమ్మలు అతికించేకొద్దీ పుస్తకం ఉబ్బుతుంది. ప్రతి కట్టకూ మూడు రంధ్రాలు, ఒకటి నడుమ, తక్కిన రెండూ చివర్ల నుంచి నాలుగు సెంటీమీటర్ల దూరంలో. దబ్బనంతో ముందే పొడిచిపెడితే పెద్దవాళ్లకు తేలిక. కట్టకు 55 సెంటీమీటర్ల నూలు దారం, కొవ్వొత్తికి రుద్దింది. లోపలి నుంచి నడిమి రంధ్రంలోకి, బయటి నుంచి పై రంధ్రంలోకి, లోపల నడిమిదాన్ని దాటి కింది రంధ్రంలోంచి బయటికి, మళ్లీ నడిమిదాంట్లోంచి లోపలికి. రెండు కొసలూ పొడవాటి కుట్టుకు చెరోవైపు ఉంచి ముడెయ్యాలి. నడిమి రంధ్రంలోకి రెండోసారి వచ్చేటప్పుడు సూది పాత దారాన్ని గుచ్చితే కుట్టు బిగియదు. ఎక్కువమందికి చిక్కొచ్చేది అక్కడే.

ఈ కుట్టుపని ఫిబ్రవరి 6న పెట్టుకోవాలి. మార్చిలో టెన్త్, ఇంటర్ పరీక్షలు, యూత్ చేతికి దొరకరు. శుక్రవారం సాయంత్రాలు సిలువ ధ్యానాలకు పోతాయి కనక కూడికలు ఫిబ్రవరి 13 నుంచి మార్చి 20 దాకా ఆరు శనివారాలు, నాలుగింటికి. స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు మారేవాళ్లు అన్నిటికీ రాలేరు. అందుకే ఏ వారం వాక్యం ఆ వారానికే నిలబడేలా, చిన్న చీటీ మీద అచ్చువేసి ఇవ్వాలి. మొదటి వారం మత్తయి 4లోని అరణ్యంలో శోధన, తర్వాత 51వ కీర్తన, యోహాను 4, లూకా 15, యోహాను 12లోని గోధుమగింజ, ఆఖర్న యెషయా 53.

అరణ్యం పేజీకి రంగు మన దగ్గరే ఉంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లకు బీడునేల ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మట్టి మాత్రం తేకూడదు, అది రక్షిత ప్రదేశం. బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) ట్యూబు ఒక్కటి చాలు. శ్రమల దినాల రంగైన ఊదాకు అల్ట్రామెరీన్ నీలం, క్రిమ్సన్ ఎరుపు కలపాలి. నారింజ ఛాయ ఉన్న ఎరుపు వాడితే అందులోని పసుపు వల్ల బురదరంగు వస్తుంది. యాక్రిలిక్ అసలు వద్దు. మన సముద్రపు తేమకు మూసిన పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి, విప్పితే చిరుగుతాయి. బొగ్గుతో గీసిన పేజీకి బటర్ పేపర్ అడ్డం పెట్టాలి. భస్మాన్ని నీళ్లలో కలిపి పూయిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. బూడిద నీళ్లలో క్షారం ఉంటుంది, చర్మాన్ని కాల్చగలదు. అతికించడానికి గ్లూ స్టిక్కే వాడాలి. ఫెవికాల్ తడికి పేజీ వంకర్లు పోతుంది. ఫ్యాన్లు ఆపలేం కాబట్టి ప్రతి బల్ల మీదా కాగితాలపై పెట్టడానికి నాలుగు రాళ్లు.

కూడిక గంటంబావు. వాక్యం రెండుసార్లు నిదానంగా చదవడం, పది నిమిషాల మౌనం, ఆ తర్వాతే రంగులు బయటికి. ముందే బల్ల మీద పరిస్తే చెవులు వాక్యం మీద ఉండవు. పేజీకి నలభై నిమిషాలు, మిగిలింది ప్రార్థనకి. చదువు రాని పెద్దమ్మలు గీతలతో, చుక్కలతో చేసిందీ పేజీయే. పక్కవాళ్లు వాళ్ల బదులు రాయకూడదు.

మన సంఘాల్లో సాక్ష్యం చెప్పడం అలవాటు. ఎవరో ఒకరు ప్రేమతోనే "అక్కా, నీది చదివి వినిపించు" అంటారు. 51వ కీర్తన పాపం ఒప్పుకునే ప్రార్థన, ఆ వారం అది జరగనివ్వకూడదు. ఆ పేజీ మీద అదే సైజు కాగితాన్ని ఒక అంచునే అతికించి, తలుపులా మూసుకునే వీలుంచాలి. అలా మూసింది అయ్యగారు (పాస్టరు) కూడా అడగరని మొదటి రోజే ఆయన నోటితోనే చెప్పించాలి. ఈస్టర్ రోజున పుస్తకాలన్నీ గుడి వెనక ప్రదర్శన పెడదామన్న ఆలోచన బాగానే కనిపిస్తుంది గానీ, నేను ఒప్పుకోను. పదిమందీ చూస్తారని తెలిస్తే మనిషి అందంగా రాస్తాడు, నిజం రాయడు. ఇష్టమున్నవాళ్లు చివరి ఈస్టర్ పేజీ ఒక్కటి చూపిస్తే చాలు.

ఇక పేర్లు కావాలి. జనవరి ఆఖరి ఆదివారం ప్రకటన చేయించి, లెక్క తేలాకే కాగితం కోతకు ఇవ్వాలి.