చేమాకు మీద బొట్టు

మన బడి పాత బ్యాచ్ కలుస్తున్న సందర్భంగా వేసే సంచికకి ఏదన్నా రాయరా, వారంలోపు కావాలి అని కమిటీ తరఫున మన గుండు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఆరు, ఏడు క్లాసుల్లో ఏం జరిగిందో నాకసలు గుర్తులేదు, నాకు మాత్రం పీఎస్ (ఫిజికల్ సైన్స్) మాస్టారి ఆ ఒక్క పీరియడే కళ్ళముందు ఉంది.

మాస్టారు బోరింగు పక్కనుంచి చేమాకు కోసుకొచ్చి నీళ్ళబొట్టేస్తే ముత్యంలా దొర్లింది కదా, తర్వాత బూడిదతో తోమిన గాజు స్లైడు మీద వేస్తే పల్చగా పరుచుకుంది. మేం "రెండు జడలు" అని పిలిచే మన క్లాసమ్మాయి పట్టుకున్న స్లైడు మీద మాత్రం బొట్టు లేచి నిలబడింది. కొబ్బరినూనె వేళ్ళు! మాస్టారు తిట్టలేదు సరికదా ఎంత సంబరపడిపోయారో, "పైనుంచి కాదర్రా, గడ్డం బల్లకి ఆనించి పక్కనుంచి చూడండి" అని అందర్నీ ఒక్కొక్కళ్ళనే వంచి చూపించారు, బెల్లు కొట్టినా వదల్లేదు, తర్వాతి తెలుగు పీరియడు కూడా అందులోనే పోయింది.

ఇప్పుడు నా ఉద్యోగం అదే. పళ్ళకీ ఎముకలకీ పెట్టే టైటానియం ఇంప్లాంట్ల పైపొర టెస్ట్ చేసే ల్యాబ్. 2 మైక్రోలీటర్ల బొట్టు వేసి పక్కనుంచి కెమెరాతో ఫొటో తీస్తాం, బొట్టు అంచు లోహాన్ని తాకేచోట కోణం ఎంతుందో కొలుస్తాం, అదే కాంటాక్ట్ యాంగిల్, థామస్ యంగ్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1805లోనే దీని సంగతి చెప్పాడు. ప్లాస్మాతో (రక్తంలోది కాదు, కరెంటుతో రగిలించిన వాయువు) అప్పుడే శుభ్రం చేసిన టైటానియం మీద 10 డిగ్రీల లోపే ఉంటుంది, బొట్టు ఇట్టే పరుచుకుంటుంది. అదే ముక్కని కొన్ని వారాలు గాలికి వదిలేస్తే 60 దాటేస్తుంది. ఎవరి వేలూ తగలకపోయినా సరే, గాల్లోని కార్బన్ పదార్థాలు కంటికి కనపడని పొరలా పట్టేస్తాయి. ఎక్స్‌పీఎస్ మెషీన్లో పెట్టి ఎక్స్‌రేలు కొడితే ఎగిరొచ్చే ఎలక్ట్రాన్లని బట్టి పైన 10 నానోమీటర్లలోపు ఏముందో తెలుస్తుంది, కార్బన్ అక్కడ దొరికిపోతుంది. ఒంట్లోకెళ్ళిన ఇంప్లాంటుకి ముందు అంటుకునేది రక్తంలోని ప్రోటీన్లు, అదీ సెకన్లలో, మన కణాలొచ్చి కూర్చునేది వాటి మీదే, అందుకే ఈ పైపొర గురించి నాకింత పట్టింపు.

ఆ రిపోర్టుల కింద సంతకం ఇప్పుడు నాదే. కొత్తగా చేరిన పిల్లలకి మెషీన్ ఆన్ చేసేముందు ఒక బొట్టేసి, గడ్డం బల్లకి ఆనించి చూడమంటా.

గుండూ, ఆదివారం అందరం కలిసేటప్పుడు స్లైడులూ సిరంజీ నేను తెస్తా. బోరింగు పక్కన చేమ ఇంకా ఉందేమో నువ్వు చూడు. రెండు జడలు వస్తోంది కదా?