యెన్‌బియెన్‌లో ఐదు రోజులు

ఈ ప్రాంతం పేరు నేను మొదట విన్నది సియోల్‌లో, దేరిమ్ అనే పేటలో, ఇనుప చువ్వలకు గుచ్చి కాల్చిన మటన్ ముక్కలు తింటూ. అక్కడ వీధి బోర్డులు చాలావరకు చైనీస్‌లో ఉంటాయి, హోటల్ లోపల మాటలు మాత్రం కొరియన్‌లో, ముక్కలు అద్దుకునే పొడిలో జీలకర్ర ఘుమఘుమలాడిపోతుంది. నాలుగేళ్లుగా దక్షిణ కొరియాలో, సియోల్ దగ్గరి సువోన్‌లో ఉద్యోగం చేస్తున్నాను, కొరియన్ మాట్లాడే చోట జీలకర్ర వాసన తగలడం అదే మొదటిసారి. వడ్డించే ఆవిడని ఏ ఊరని అడిగితే "యొన్‌బ్యొన్" అంది, యెన్‌బియెన్‌ని కొరియన్‌లో అలా పలుకుతారు. చైనాలోనా అన్నాను. "చైనానే, కానీ మేం చోసన్‌జోక్" అంది, అంటే చైనాలోని కొరియన్లు.

మాది కుప్పం. ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, బస్సెక్కితే కన్నడం. విజయవాడలో హాస్టల్లో చేరిన మొదటి వారమే "ఇంతకీ మీది తెలుగేనా?" అని అడిగించుకున్నవాణ్ణి. ఆవిడ మాటలోని ఆ "కానీ" నాకు బాగా తెలుసు. అది విన్నప్పటి నుంచి వెళ్లాలి వెళ్లాలి అనుకుంటూ, చివరికి ఓ జూన్‌లో ఐదు రోజులు సెలవు పెట్టేశాను.

మ్యాప్‌లో చూస్తే సియోల్ నుంచి యెన్‌బియెన్ ముఖ్యపట్టణం యెన్‌జీ నేరుగా పైకి గీత గీసినట్టు ఉంటుంది. కానీ మధ్యలో ఉత్తర కొరియా, విమానం దాని మీదుగా పోకూడదు. పడమర సముద్రం మీదకి వెళ్లి, చైనా మీదుగా చుట్టు తిరిగి దిగుతుంది. నా పక్క సీటు పెద్దాయన ఒళ్లో రైస్ కుక్కర్ పెట్టె పెట్టుకుని దారి పొడుగునా పట్టుకునే కూర్చున్నాడు. మన గల్ఫ్ విమానాలు గుర్తొచ్చాయి.

చైనా అంతటికీ బీజింగ్ టైమే. యెన్‌జీ బాగా తూర్పున ఉంది కాబట్టి జూన్‌లో అక్కడ నాలుగు కొట్టకముందే తెల్లారిపోతుంది. మొదటిరోజు కర్టెన్ సందులోంచి ఎండ పడితే ఆలస్యమైందని కంగారుగా లేచాను, చూస్తే నాలుగున్నర. సరేనని బుర్‌హతోంగ్ నది పక్కన ఉదయం సంతకి నడిచాను. అప్పటికే జనం కిటకిట. ఒకచోట ఇద్దరు మగవాళ్లు పెద్ద కొయ్య సుత్తులతో ఆవిరికి ఉడికిన జిగురు బియ్యాన్ని ఒకడి తర్వాత ఒకడు దంచుతున్నారు, సుత్తి లేచిన ప్రతిసారీ పక్కనున్నావిడ తడి చేత్తో ముద్దని మడతపెడుతోంది. రోకటి పోటు పడేలోపు చెయ్యి తీసే మా నానమ్మ లాగే, కళ్లు మాత్రం కొనేవాళ్ల మీద. దంచిన ముద్దని కోసి బీన్స్ పొడిలో దొర్లించి ఇస్తారు, వేడిగా, నోట్లో సాగుతూ. పక్క బండి మీద నూనెలో పొంగుతున్న చైనా పొడుగు పిండివంట, సోయా పాలు. ఆ పక్కన ఎర్రటి కిమ్చీ కుప్పలు, తాడుకి కట్టిన ఎండు పొలాక్ చేపలు. ఒకే ముసలాయన ఒక చేత్తో సోయా పాల గ్లాసు, ఇంకో చేత్తో కిమ్చీ సంచీ పట్టుకుని వెళ్తున్నాడు. ఆయనకి అవి రెండు దేశాల తిండి కాదు, పొద్దుటి సరుకులు, అంతే.

అక్కడే నా బ్యాగు తగిలి ఒకావిడ బుట్టలో మిరపకాయలు కిందపడ్డాయి. క్షమించండి, క్షమించండి అంటూ ఏరుతుంటే ఆవిడ "ఇరొప్సుమ్‌దా" అంది. నాకు గుండె జారింది. సియోల్‌లో ఆ మాట "నాకేం అక్కర్లేదు పో" అన్నట్టు వినిపిస్తుంది. ఆవిడ మాత్రం నవ్వుతోంది. యెన్‌బియెన్‌లో దానర్థం "ఏం ఫర్లేదు" అని ఆ సాయంత్రానికి గానీ తెలియలేదు. ఉత్తర కొరియాలో కూడా అలాగే అంటారట. ఇక్కడివాళ్ల తాతముత్తాతల్లో చాలామంది సరిహద్దులోని దూమన్ నది అవతల, ఇప్పటి ఉత్తర కొరియాలోని హమ్‌గ్యొంగ్ నుంచి వచ్చినవాళ్లే కాబట్టి యాస అక్కడిదే. దానిమీద చైనీస్ మాటలు చేరాయి. సెల్‌ఫోన్‌ని సియోల్‌లో "హేండ్‌ఫోన్" అంటే ఇక్కడ "షోజీ" అంటారు. సియోల్‌లో కొందరు ఈ యాసని ఎక్కిరించడం నేను చూశాను, టీవీ షోల్లో నవ్వించడానికి కూడా వాడతారు. నాకది ఎప్పుడూ నచ్చలేదు, వచ్చి విన్నాక అసలు నచ్చడంలేదు.

తిండి గురించి రాయకపోతే ఈ ప్రయాణం గురించి రాసినట్టే కాదు. యెన్‌జీలో చల్ల నూడుల్స్ ఆర్డర్ చేస్తే పక్కన "గువో బావ్ రో" కూడా చెప్పాలి, చెప్పకపోతే వడ్డించేవాళ్లే అడుగుతారు. చల్ల నూడుల్స్ కొరియావాళ్లవి, గువో బావ్ రో ఈశాన్య చైనా వంట, పలచటి పంది మాంసం ముక్కల్ని పిండిలో ముంచి వేయించి పంచదార, వెనిగర్ పాకంలో తిప్పుతారు. కరకరలాడే వేడి ముక్క ఒకటి కొరికి, వెంటనే ఐసు తేలుతున్న పుల్లతీపి పులుసు తాగాలి. ఆ జోడీ సువోన్‌లో ఎందుకు దొరకదా అని నాకు ఇప్పటికీ బాధే.

1869 ప్రాంతంలో హమ్‌గ్యొంగ్‌లో పెద్ద కరువు వచ్చింది. అప్పట్లో మంచూరియాలోని ఈ నేలని చైనాని ఏలిన చింగ్ రాజవంశం మూసి ఉంచింది, అవతలివైపు దాటినందుకు శిక్ష. అయినా కడుపు కాలినవాళ్లు దూమన్ నది దాటి వచ్చి బంజరు కొట్టి, ఇంత చలి దేశంలో వరి పండించారు. 1952 సెప్టెంబర్ 3న కొరియన్ స్వయంపాలక ప్రాంతం ఏర్పడింది. అప్పుడు జనాభాలో వీళ్లు నూటికి 60 పైనే, 2020 లెక్కల నాటికి 30 చిల్లర. పిల్లలు తక్కువ పుట్టడం ఒకటి, లక్షలమంది దక్షిణ కొరియాలోని సియోల్, ఆన్‌సాన్ పనులకి వెళ్లిపోవడం ఇంకోటి. బోర్డుల మీద ఇప్పటికీ రెండు లిపులూ ఉన్నాయి, కాకపోతే 2022 నుంచి చైనీస్ ముందుండాలని నియమం వచ్చింది. పాత బోర్డులు, కొత్త బోర్డులు పక్కపక్కనే ఉన్న వీధిలో నడుస్తుంటే ఏ షాపు ఎప్పుడు పెట్టారో చదవకుండానే చెప్పొచ్చు.

యూనివర్సిటీ ఎదురుగా ఒక బిల్డింగు నిండా ఇలాంటి బోర్డులే, రాత్రి లైట్లు వేశాక వందలమంది ఫొటోలు దిగుతారు. కొరియన్ సంప్రదాయ దుస్తులు హాన్‌బోక్ అద్దెకి తీసుకుని దిగే అమ్మాయిల్లో ఎక్కువమంది దక్షిణ చైనా నుంచి వచ్చిన టూరిస్టులు. బాగానే ఉంది, నేను పది నిమిషాల్లో వచ్చేశాను.

మూడో రోజు పక్క ఊరు లాంగ్‌జింగ్ వైపు టాక్సీ మాట్లాడుకున్నాను. డ్రైవర్‌కి అరవై ఉంటాయి, పన్నెండేళ్లు కొరియాలో సెంట్రింగ్ పని చేసొచ్చాడు. మింగ్‌దోంగ్ పల్లెలో కవి యూన్ దోంగ్-జు పుట్టిన ఇల్లు ఉంది. ఆయన 1917లో ఇక్కడ పుట్టి, సియోల్‌లో చదివి, జపాన్‌లో అరెస్టయ్యి 1945 ఫిబ్రవరిలో ఫుకువోకా జైల్లో చనిపోయాడు. 27 ఏళ్లు. గేటు దగ్గర రాతి మీద "చైనా చోసన్‌జోక్ దేశభక్త కవి" అని ఉంది. కొరియాలో దీనిమీద పెద్ద గొడవే, ఆయన రాసింది కొరియన్‌లో, చనిపోయేనాటికి ఈ చైనా ప్రభుత్వమే లేదు అని. నాకూ ఆ రాత సరిగా అనిపించలేదు. డ్రైవర్‌ని అడిగితే "ఆయన మా ఊరివాడు" అన్నాడు. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

మధ్యాహ్నం భోజనానికి వాళ్లింటికే తీసుకెళ్లాడు. చైనావాళ్ల పాత ఇళ్లలో పొయ్యి వేడితో వెచ్చబడే అరుగు గదిలో ఒక పక్కనే ఉంటుంది, చెప్పులతో వచ్చి అంచున కూర్చోవచ్చు. ఇక్కడ గది నేలంతా వెచ్చటి అరుగే, గుమ్మం దగ్గరే చెప్పులు విడిచెయ్యాలి. వంటిల్లు, పడకగది మధ్య గోడ లేదు. నేలలోకి దింపిన రెండు ఇనుప అండాలు, వాటి మూతలు తుడిచి తుడిచి అద్దంలా నల్లగా మెరుస్తున్నాయి, నా మొహం కనిపించింది. ఆయన భార్య అన్నం, పులిసిన సోయా ముద్దతో కాచిన పులుసు, నాలుగు రకాల కూరలు పెట్టింది, నేను తినడం ఆపినప్పుడల్లా గిన్నె ఇటు జరిపింది. కూతురు ఆన్‌సాన్‌లో ఫ్యాక్టరీలో పనిచేస్తోంది, ఆరేళ్ల మనవడు వీళ్ల దగ్గరే. పిల్లాడు షోజీలో చైనీస్ కార్టూన్ చూస్తున్నాడు. అమ్మమ్మ కొరియన్‌లో అడిగితే చైనీస్‌లో జవాబు చెప్తున్నాడు. పిలవడం మాత్రం "అమే" అని పిలుస్తున్నాడు, అక్కడి యాసలో అమ్మమ్మని అలాగే అంటారట. మన "అమ్మ"కి ఎంత దగ్గరగా ఉందో.

సువోన్ నుంచి ఆన్‌సాన్ ఎంత దూరమని ఆవిడ అడగ్గానే నాకు విషయం అర్థమైంది. అమెరికా వెళ్లే ప్రతివాడి సూట్‌కేసులో ఆవకాయ పెట్టే దేశం మనది. సోయా ముద్ద డబ్బా, నాలుగు ఎండు చేపలు మూడు కవర్లలో చుట్టి ఇచ్చింది.

దూమన్ నది ఒడ్డునున్న తూమెన్ ఊళ్లో వంతెన దగ్గర నిలబడి అవతల ఉత్తర కొరియా ఊరు నమ్యాంగ్ చూశాను. నీళ్లుంటే మా పాలారు కూడా ఇంతే ఉంటుంది. ఫాంగ్‌చువాన్‌కి వెళ్లే దారిలో పాస్‌పోర్టు చెకింగ్, ఒకచోట రోడ్డుకి ఒక పక్క రష్యా కంచె, ఇంకో పక్క నది. బురుజు ఎక్కితే మూడు దేశాలూ ఒకే చూపులో, రష్యా, ఉత్తర కొరియాల్ని కలిపే రైలు వంతెన, దాని వెనక పొగమంచులో సముద్రం. చైనా భూమి అక్కడికి 15 కిలోమీటర్ల ముందే ఆగిపోతుంది. కుప్పంలో రాష్ట్రం మారితే బస్సు రంగు మారుతుంది, అంతకంటే ఏమీ కాదు. ఇక్కడ కంచె చూస్తుంటే మనసు బరువెక్కింది.

తిరిగొచ్చిన ఆదివారం ఆన్‌సాన్ స్టేషన్ బయట వాళ్ల కూతురికి ఆ కవరు ఇచ్చాను. అక్కడే నిలబడి మూత కొంచెం తీసి వాసన చూసి మళ్లీ మూసేసింది. అలా ఎక్కువసేపు నిలబడలేదు, షిఫ్టు ఉందంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "మా వాడు మా అమ్మని ఏమని పిలుస్తున్నాడు?" అని అడిగింది.

"అమే అనే" అన్నాను.