నెబ్బియోలో నాకు అర్థమైన తీరు

ఉద్యోగం కోసం ఇటలీ వచ్చి టురిన్‌లో ఉంటున్నాను. ఇక్కడి పియెమోంతె ప్రాంతానికి నెబ్బియోలో ద్రాక్ష అంటే ప్రాణం. బరోలో, బర్బరెస్కో అనే రెండు పేరున్న రెడ్ వైన్లనూ అచ్చంగా ఈ ఒక్క రకంతోనే చెయ్యాలి. మరో ద్రాక్ష కలపడానికి చట్టం ఒప్పుకోదు. మొదటిసారి తాగినప్పుడు మాత్రం నాకు నచ్చలేదు. రంగు చూస్తే పలుచగా, గ్లాసు వెనక వేలు పెడితే కనిపించేంత తేటగా ఉంది. తేలికపాటి వైన్ అనుకుని గుటక వేస్తే నోరంతా పట్టేసింది. దోర నేరేడు పళ్లు గుప్పెడు తిన్నాక నాలుక ఎలా అయిపోతుందో సరిగ్గా అలాగే. ఇంత వగరు కోసం ఇంత డబ్బు ఎందుకు పెడతారో తెలుసుకోవాలని అప్పుడే అనిపించింది.

ఆఫీసులో నా పక్క సీటాయనది ఆల్బా దగ్గర పల్లె. ఆయన్ని అడిగితే, "బరోలోతో మొదలుపెట్టకండి. లాంగే నెబ్బియోలో అని రాసి ఉన్న సీసా కొనుక్కోండి. ఒట్టిగా తాగొద్దు, భోజనంతో తాగండి" అన్నారు. బరోలో పండే లాంగే కొండల ద్రాక్షే అది, కాకపోతే ఏళ్ల తరబడి నిలవ ఉంచాలన్న నిబంధన లేదు. ధర కూడా బరోలో కంటే బాగా తక్కువ.

ఆ సలహా నా పని సగం తేలిక చేసింది. గుడ్డు సొనలు ఎక్కువ వేసి చేసే తాయరిన్ అనే సన్నటి పాస్తా, దాని మీద వెన్న, పక్కన కాస్తెల్మాన్యో చీజ్. వీటితో తాగితే అదే వగరు ఇబ్బంది పెట్టలేదు. ఈ ద్రాక్షలో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ. అది ఉమ్మిలోని ప్రోటీన్లను పట్టుకుంటుంది, దాంతో నోట్లో జిగురు పోయి ఎండినట్టు అవుతుంది. చీజో మాంసమో తింటూ ఉంటే ఆ పట్టు వాటి మీదికి పోతుంది, నాలుక కాస్త బతికిపోతుంది. మన వంటలతోనూ తాగి చూశాను. గోంగూర మాంసంతో అస్సలు పొసగదు, కారం పెరిగిన కొద్దీ వగరూ ఆల్కహాల్ మంటా రెండూ పెరుగుతాయి. మిరపకారం బాగా తగ్గించి, మిరియాలు, ధనియాలు, లవంగాలు వేసి నిదానంగా ఉడికించిన మటన్‌తో మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

అక్టోబర్‌లో ఆయనే నన్ను వాళ్ల బంధువుల తోటకి తీసుకెళ్లారు. మిగతా రకాల కోతలు అప్పటికే అయిపోయాయి, నెబ్బియోలో ఇంకా తీగల మీదే ఉంది. వసంతంలో ముందుగా చిగురేసి, చివర్లో పండే ద్రాక్ష ఇది. అంటే చిగురుకి మంచు భయం, పండుకి శరదృతువు వానల భయం. అందుకే బాగా ఎండ పడే, దక్షిణం వైపు వాలిన కొండ చరియలన్నీ దీనికే ఇస్తారు. చలికాలంలో మంచు ముందు కరిగే చోటు చూసి నాటేవారట. లోయ అడుగున ఉండే చల్లటి నేలలో ఇది సరిగా పండదు. "కొమ్మ మొదట్లో ఉన్న కణుపులు కాయవు. అందుకే కత్తిరించేటప్పుడు పొడుగాటి కొమ్మ వదిలిపెడతాం" అని ఆ తోట పెద్దాయన చేత్తో పట్టి చూపించారు. రంగు సంగతి కూడా అక్కడే తెలిసింది. తొక్కలోని రంగు పదార్థాలు తొందరగా గాలికి పాడయ్యే రకం. అందుకే వైన్ త్వరగా ఇటుక ఛాయకి తిరుగుతుంది. పలుచటి రంగు చూసి వైన్ బలం అంచనా వెయ్యకూడదు.

అసలు కిటుకు పట్టుబడింది ఆల్బాలో ఒక చిన్న వైన్ దుకాణంలో. ఒకే ఏడాది బరోలోలు రెండు పక్కపక్కన పోయించుకున్నాను. ఒకటి లా మోర్రాది, రెండోది సెర్రలుంగాది. రెండు ఊళ్లకీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. లా మోర్రా నేల వయసులో చిన్నది, నీలి ఛాయ ఉన్న సున్నపు బంకమట్టి. అక్కడి వైన్ గ్లాసులో పోయగానే గులాబీ వాసన కొట్టింది, వగరు మెత్తగా ఉంది. సెర్రలుంగా నేల అంతకన్నా పాతది, గట్టిది. దాని వైన్ చాలాసేపు ఏమీ చెప్పలేదు. నేను కదలకుండా కూర్చున్నాను. గంట దాటాక తారు వాసన, ఎండు గులాబీ రేకులు, ఏదో మందుమొక్క ఘాటు ఒక్కొక్కటిగా వచ్చాయి. నాకు సెర్రలుంగానే ఎక్కువ నచ్చింది, ఇప్పటికీ అంతే. బరోలోని కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో ఉంచాలన్న నిబంధన ఎందుకు పెట్టారో ఆ గ్లాసుతో అర్థమైంది. బర్బరెస్కోకి అయితే 26 నెలలు, చెక్కలో 9 చాలు.

ఆ చెక్క విషయంలో ఇక్కడ పెద్ద గొడవే జరిగింది. 1980ల నుంచి కొందరు రైతులు తొక్కల్ని రసంలో తక్కువ రోజులు నానబెట్టి, చిన్న ఫ్రెంచ్ పీపాలు వాడటం మొదలుపెట్టారు. పాతవాళ్లు వారాల తరబడి నానబెట్టి, పెద్ద పెద్ద పీపాల్లోనే వేసేవారు. ఇప్పుడు ఇద్దరూ మధ్యదారిలోకి వచ్చారు. నేను పెద్ద పీపాల పక్షమే. కొత్త చిన్న పీపా ఇచ్చే వెనిల్లా వాసన గులాబీని కప్పేస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఇదే: సీసా సాయంత్రం తెరిచి సగమే తాగండి, మిగతాది మూత పెట్టి మర్నాడు చూడండి. వయసు తక్కువ నెబ్బియోలో రెండో రోజున చాలాసార్లు మెరుగ్గా ఉంటుంది. మరీ చల్లగా తాగితే వగరు ఇంకా తెలుస్తుంది, 16 నుంచి 18 డిగ్రీలు బాగుంటుంది. నేనిప్పుడు ఉత్తరాన గట్టినారా వైపు వెళ్తున్నాను. అక్కడ ఇదే ద్రాక్షని స్పన్నా అంటారు. నేల అగ్నిపర్వత శిల, పులుపు ఇంకాస్త ముందుకొస్తుంది. అది అయ్యాక రాతి గోడల మెట్ల మీద నెబ్బియోలో పెంచే వాల్తెల్లీనా లోయకి.