నూరువరహాలకు ఏసీ నీళ్లు

నాలుగేళ్ల కిందట కడియం నర్సరీలో కొన్న నూరువరహాల మొక్క ఈ వారం పద్దెనిమిది గుత్తులు వేసింది. పొద్దున్నే రెండుసార్లు లెక్కపెట్టి, ఇది రాయడానికి కూర్చున్నాను.

హనుమకొండ ఎండకు ఈ మొక్క నిలవదని చాలామంది అన్నారు. నేనూ ఎండనే అనుమానించాను. రోహిణి కార్తెలో మా డాబా మీద చెప్పుల్లేకుండా రెండడుగులు వేయలేం. కుండీని పడమటి గోడ దగ్గర నుంచి తూర్పుకు మార్చాను, నీడ వల కట్టాను, రెండు పూటలా నీళ్లు పోశాను. ఆకుల అంచులు మాడటం తగ్గింది. చిగుళ్లు మాత్రం పసుపుగానే వచ్చేవి. ఈనెలు ఆకుపచ్చ, మిగిలిన ఆకంతా నిమ్మపండు రంగు. ఆకలేమోనని పశువుల ఎరువు వేశాను, వేరుశనగ చెక్క నానబెట్టి పోశాను. ఏమీ మారలేదు.

నర్సంపేట దగ్గర వ్యవసాయం చేసే మా అన్నయ్య దసరాకు వచ్చి ఓ ఆకు తుంచి చూశాడు. "చెల్లె, నత్రజని తక్కువైతే ముదురాకు ముందు పండుతుంది. ఇక్కడ లేతాకు పాలిపోతోంది. ఇనుము అందడం లేదు. మా నారుమళ్లలోనూ ఇట్లాగే వస్తుంది" అన్నాడు. కుండీలో మట్టి మీద పేరుకున్న తెల్లని పొరను గోటితో గీకి చూపించాడు.

నీళ్లు కాచే గిన్నె అడుగున రోజూ చూసే పొరే అది. మా బోరు నీళ్లలోని సున్నం మట్టిని క్షారంగా మార్చేసింది. క్షారపు మట్టిలో ఇనుము ఉన్నా కరగదు, వేరుకు అందదు. నూరువరహాలు దక్షిణ భారతం, శ్రీలంకల మొక్క. కేరళ గుళ్లలో పూజకు వాడే 'చెత్తి' పూలు ఇవే. దానికి కాస్త పులుపున్న మట్టి కావాలి. ఎండకు భయపడి నేను ఎన్ని నీళ్లు పోస్తే అంత సున్నం పోసినట్టయింది. అది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అన్నయ్య చెప్పిన మందు: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు. చల్లబడ్డాక, సాయంత్రం ఆకుల మీద పిచికారీ. నిమ్మ ఉప్పు మానేస్తే కలిపిన నీళ్లు కాసేపటికే తుప్పు రంగుకు తిరుగుతాయి. మూడు వారాల్లో చిగుళ్లు ఆకుపచ్చగా విచ్చుకున్నాయి. కానీ నీళ్లు మారకపోతే పసుపు మళ్లీ వస్తుంది. అందుకే పాత మట్టి తీసేసి ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, మాగిన ఆకుల ఎరువు నింపాను. వానాకాలంలో డాబా నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకుంటాను. ఎండాకాలంలో ఏసీ గొట్టం కింద బకెట్టు పెడతాను. ఆ నీళ్లలో సున్నం ఉండదు. తాగునీటి యంత్రం బయటకు వదిలే నీళ్లు మాత్రం పోయకండి, వాటిలో ఉప్పులు ఇంకా ఎక్కువ.

ఇంత కష్టమెందుకు, తంగేడు పెట్టుకోమంటారు కొందరు. తంగేడు నాకూ ప్రాణమే. బతుకమ్మకు అది లేనిదే చేయి కదలదు. అయితే అది ఎవరూ నీళ్లు పోయకుండానే చెల్కల్లో పూస్తుంది. ఈ మొక్కకు నేను కావాలి.

అన్నయ్య కోసం రెండు కొమ్మలు నాటాను, ఒకటి వేరు పట్టింది. తీసుకెళ్లే ముందు వాళ్ల బావి నీళ్లు ఓ గిన్నెలో కాచి, అడుగున ఏం మిగిలిందో చూడమన్నాను.